3,649 పాయింట్లు సాధించినా రికార్డు పుస్తకానికి ఎక్కని లినెట్ వుడార్డ్

2024 ఫిబ్రవరి 15న అమెరికాలో ఒక బాస్కెట్‌బాల్ రికార్డు బద్దలైందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అయోవా విశ్వవిద్యాలయ విద్యార్థిని కెయిట్లిన్ క్లార్క్, కెల్సీ ప్లమ్ పేరిట ఉన్న 3,527 పాయింట్లను దాటేశారని, మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యధిక పాయింట్లు ఇక ఆమెవేనని ఆ వార్త సారాంశం. పదమూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న, అదే క్లార్క్ మిన్నెసోటా జట్టుతో ఆడుతూ ఇంకో సంఖ్యను దాటారు. ఆ సంఖ్య 3,649. ఆ రాత్రి ఆట ముగిసేసరికి క్లార్క్ ఖాతాలో 3,650 ఉన్నాయి. ఒక్క పాయింటు ఎక్కువ.

లెక్కలు వచ్చిన ఎవరికైనా ఇక్కడ అనుమానం రావాలి. అంతకుముందు అత్యధికం 3,527 అయితే, దానికంటే 122 పాయింట్లు ఎక్కువున్న 3,649 ఎక్కడిది? అది ఎవరిది? ఫిబ్రవరి 15న బద్దలైంది రికార్డే అయితే, ఫిబ్రవరి 28న బద్దలైనదాన్ని ఏమనాలి?

ఆ 3,649 పాయింట్లు లినెట్ వుడార్డ్ అనే నల్లజాతి మహిళవి. 1977 నుంచి 1981 వరకు కాన్సస్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి సాధించినవి. ఆడింది నిజం, స్కోరు రాసింది నిజం, చూసినవాళ్లున్నది నిజం. అయినా నలభై మూడేళ్లపాటు ఆ అంకె అధికారిక రికార్డు పుస్తకంలో చోటు దొరక్క బయటే నిలబడింది. ఎందుకు నిలబడిందో వివరంగా చెప్పుకోవాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం. ఆటల మీద ఆసక్తి లేని మిత్రులు కూడా చదవాలని మా కోరిక. ఎందుకంటే ఇది బంతి గురించి ఎంతో, లెక్క రాసే చేతి గురించి కూడా అంతే.

విచిటా పిల్ల

వుడార్డ్ 1959 ఆగస్టు 12న కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో పుట్టారు. ఆ ఊరి పేరు ఉద్యమ చరిత్ర చదివేవారికి తెలిసి ఉండాలి, కానీ చాలామందికి తెలియదు. హోటల్లో, మందుల షాపు కౌంటర్లో నల్లవాళ్లకు కూర్చుని తినే హక్కు కోసం జరిగిన పోరాటం అనగానే అందరూ 1960 నాటి గ్రీన్స్‌బరో పేరే చెబుతారు. దానికి ఏడాదిన్నర ముందే, 1958 జులై 19న, విచిటాలోని డాకమ్ మందుల షాపులో నల్లజాతి విద్యార్థులు కౌంటరు దగ్గర కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు. రాన్ వాల్టర్స్, కరోల్ పార్క్స్ అనే యువకులు దానికి ముందు నిలిచారు. మూడు వారాల పైన సాగి, ఆగస్టు 11న షాపు యాజమాన్యం దిగివచ్చింది. వుడార్డ్ పుట్టింది ఆ గెలుపు తర్వాత సరిగ్గా ఏడాదీ ఒక రోజుకు. ముందు జరిగింది వెనక్కి పోవడం, తర్వాత జరిగింది మొదటిదిగా నిలబడిపోవడం ఆ ఊరికి అలవాటేనేమో అనిపిస్తుంది.

1965 జనవరి 16న, ఆమెకు అయిదేళ్లప్పుడు, ఇంధనం నింపుకున్న ఒక సైనిక విమానం విచిటాలోని నల్లవాళ్ల పేట మీద కూలింది. ముప్పై మంది చనిపోయారు. అందులో ఏడుగురు విమానంలోనివాళ్లు, మిగతా 23 మంది తమ ఇళ్లలో, తమ వీధిలో ఉన్నవాళ్లు. వుడార్డ్ కుటుంబం ఉన్నది ఆ చుట్టుపక్కలే. కాలిపోయిన ఆ స్థలాన్ని తర్వాత పార్కు చేశారు. ఆ పార్కులోనే ఆమె బాస్కెట్‌బాల్ నేర్చుకున్నారు. అంతకుముందు ఇంట్లో అన్నతో కలిసి మేజోళ్లు ఉండచుట్టి బంతిలా విసిరేవారట. బంధువుల్లో హ్యూబర్ట్ ఆస్బీ అనే ఆయన హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ జట్టులో పేరున్న ఆటగాడు. బంతిని వేలి మీద తిప్పడం, ఒంటి చుట్టూ తిప్పడం లాంటి విద్యలు ఆయన దగ్గర చూసి నేర్చుకున్నారు. విచిటా నార్త్ హైస్కూల్ తరఫున ఆడి 1975లో, 1977లో రాష్ట్ర చాంపియన్‌షిప్ గెలిపించారు.

తర్వాత చేరింది లారెన్స్‌లోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో. బాస్కెట్‌బాల్‌కు అదొక పుణ్యక్షేత్రం లాంటిదని అమెరికావాళ్లు చెప్పుకుంటారు. ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ తర్వాతి కాలంలో అక్కడే పనిచేశారు. (ఆ విశ్వవిద్యాలయ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనకొక్కరికేనన్నది సరదా సంగతి.) కానీ ఆ క్షేత్రానికి కూడా గుడి తలుపులుండేవి. 1930లలో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి నైస్మిత్ దగ్గరే ఆట గురించి చదువుకున్నారు. తర్వాత అమెరికా మెచ్చిన కోచ్ అయ్యారు. విద్యార్థిగా మాత్రం విశ్వవిద్యాలయ జట్టులో ఆడనివ్వలేదు, ఎందుకంటే ఆ జట్టు తెల్లవాళ్లది. ఆయన ఈతకొలనులో దిగితే, తర్వాత కొలనులో నీళ్లన్నీ తోడేశారు. మహాడ్ చవదార్ చెరువు గురించి తెలిసిన మన పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. కాన్సస్ పురుషుల జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు అడుగుపెట్టింది 1951లో.

వుడార్డ్ వెళ్లేసరికి అక్కడ మహిళల జట్టు కోచ్ మరియన్ వాషింగ్టన్. ఆమె కూడా నల్లజాతి మహిళే. 1973లో కోచ్‌గా చేరి 2004 దాకా 31 సీజన్లు ఆ జట్టును నడిపారు. కొన్నేళ్లు మహిళా క్రీడల విభాగం మొత్తానికి అధిపతిగా కూడా ఉన్నారు. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో, 1970లలో, మహిళల క్రీడల పగ్గాలు ఒక నల్లజాతి మహిళ చేతిలో ఉండటం చిన్న విషయం కాదు. అది ఎలా సాధ్యమైందో తర్వాత వస్తుంది.

నాలుగేళ్ల లెక్క

మొదటి సంవత్సరం, 1977–78లో, వుడార్డ్ 33 ఆటల్లో 833 పాయింట్లు సాధించారు. అంతకంటే ఆశ్చర్యం రీబౌండ్లది. బుట్టలో పడకుండా తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. ఎత్తు, బలం, ఓపిక మూడూ ఉంటేగాని దొరకవు. ఆటకు సగటున 14.8 రీబౌండ్లతో ఆ మొదటి ఏడాదే దేశంలో అందరికంటే ముందు నిలిచారు. రెండో ఏడాది 38 ఆటల్లో 1,177 పాయింట్లు. ఆటకు 31. ఈసారి పాయింట్లలో దేశంలో మొదటి స్థానం. మూడో ఏడాది 881, నాలుగో ఏడాది 758. మొత్తం 139 ఆటలు, 3,649 పాయింట్లు, 1,714 రీబౌండ్లు. సగటు 26.3.

అంకెలు చదివేటప్పుడు కళ్లు పెద్దవాటి మీదే ఆగుతాయి గానీ, ఆమె ఆటను అర్థం చేసుకోవడానికి మాకు పనికొచ్చిన అంకె వేరేది. స్టీల్స్, అంటే ప్రత్యర్థి చేతిలో నుంచి బంతి లాక్కోవడం. అందులో మూడేళ్లు ఆమెదే దేశంలో మొదటి స్థానం. పాయింట్లు సాధించేవాళ్లు రక్షణలో కాస్త ఊపిరి పీల్చుకుంటారు, అది మానవ సహజం. ఆరడుగుల ఈ అమ్మాయి రెండు వైపులా పరిగెత్తింది. నాలుగేళ్లూ ఆల్ అమెరికన్ జట్టుకు ఎంపికైంది. 1981లో దేశంలోని ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే వేడ్ ట్రోఫీ ఆమెకు వచ్చింది. కాన్సస్ విశ్వవిద్యాలయం ఆమె 31వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది. అక్కడ ఒక మహిళకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఆమె దాటిన రికార్డు కెరోల్ బ్లేజియోస్కీది, 3,199. పురుషుల్లో పీట్ మారవిచ్ రికార్డు 3,667. దానికి వుడార్డ్ 18 పాయింట్ల దూరంలో ఆగారు. ఇంకొక్క ఆట ఉంటే ఆడ, మగ తేడా లేకుండా పెద్ద కాలేజీల ఆటలో అందరికంటే పైన ఉండేవారన్న మాట. దాన్ని అప్పుడెవరూ పెద్ద వార్తగా పట్టించుకోలేదు.

రెండు సంఘాలు, ఒక పుస్తకం

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంఘాన్ని ఎన్‌సీఏఏ అంటారు. 1906 నుంచి ఉంది. మగవాళ్ల ఆటలు, వాటి టికెట్లు, వాటి టీవీ డబ్బు దాని చేతిలో ఉండేవి. ఆడవాళ్ల ఆటలను అది పట్టించుకోలేదు. పట్టించుకోలేదు అనడం కూడా మర్యాదే. ఆ ఖాళీలో, విద్యాసంస్థల్లో వ్యాయామ విద్య బోధించే మహిళలు 1971లో సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు పొట్టిగా ఏఐఏడబ్ల్యూ. మహిళలే నడిపారు, నియమాలు మహిళలే రాశారు, కోచ్‌లు దాదాపు అందరూ మహిళలే. అప్పటిదాకా కాలేజీ ఆడపిల్లలు జట్టుకు ఆరుగురు చొప్పున, కొందరు సగం మైదానం దాటకూడదన్న నియమాలతో ఆడేవారు. ఎక్కువ పరిగెత్తితే ఆడవాళ్ల ఒంటికి మంచిది కాదన్న భావన దాని వెనక ఉంది. 1971 నుంచి అయిదుగురి ఆట, మైదానమంతా పరుగు వచ్చాయి.

1972 జూన్ 23న టైటిల్ నైన్ చట్టం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ లింగం ఆధారంగా వివక్ష ఉండకూడదన్నదే దాని సారాంశం. జపాన్ మూలాలున్న హవాయి ప్రతినిధి ప్యాట్సీ మింక్, ఎడిత్ గ్రీన్ దాని కోసం పాటుపడినవారిలో ముఖ్యులు. చట్టం పాఠంలో ఆటలన్న మాటే లేదు. అయినా ఆటలకు వర్తిస్తుందని తెలిసే సరికి ఎన్‌సీఏఏ కంగారు పడింది. డబ్బు తెచ్చే ఆటలకు మినహాయింపు ఇవ్వాలని 1974లో సెనేటర్ టవర్ తెచ్చిన సవరణకు మద్దతు ఇచ్చింది, అది నెగ్గలేదు. 1976లో ప్రభుత్వం మీద కేసు వేసింది. దాంతో చట్టం ఆగలేదు. ఆ కేసు వేసింది ఎక్కడో తెలుసా? కాన్సస్‌లోని ఫెడరల్ కోర్టులో. ఎందుకంటే ఆ రోజుల్లో ఎన్‌సీఏఏ ప్రధాన కార్యాలయం కాన్సస్ రాష్ట్రంలోనే, మిషన్ అనే ఊళ్లో ఉండేది. లారెన్స్‌కు గంటలోపు ప్రయాణం. వుడార్డ్ 3,649 పాయింట్లు సాధిస్తున్న చోటుకు, అవి లెక్కలోకి రావని తేల్చిన సంఘానికి మధ్య దూరం అంతే.

ఏఐఏడబ్ల్యూను మేము ఆకాశానికెత్తాలని అనుకోవడం లేదు. మొదట్లో అది ఆటల స్కాలర్‌షిప్‌లను నిషేధించింది. మగవాళ్ల ఆటలు డబ్బుతో చెడిపోయాయి, ఆడవాళ్ల ఆటలు విద్యగా ఉండాలన్నది వాళ్ల ఆదర్శం. వినడానికి బాగుంది. కానీ ఇంట్లో డబ్బున్న పిల్లకు స్కాలర్‌షిప్ లేకపోతే పోయేదేమీ లేదు. పేద పిల్లకు, ముఖ్యంగా నల్లజాతి పేద పిల్లకు, కాలేజీ గేటు తెరిచేదే అది. 1973లో ఫ్లోరిడాకు చెందిన క్రీడాకారిణులు, కోచ్‌లు కోర్టుకు వెళ్లాకే ఆ నిషేధం పోయింది. ఆదర్శాలు రాసుకునేవాళ్లు ఎవరి జీవితాన్ని ముందు పెట్టుకుని రాస్తున్నారన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్న, ఆ సంఘం మనకు ఎంత ఇష్టమైనదైనా సరే.

దశాబ్దం తిరిగేసరికి ఏఐఏడబ్ల్యూలో 900కు పైగా విద్యాసంస్థలు చేరాయి. మహిళల ఆటకు ప్రేక్షకులు వచ్చారు. టీవీ కూడా వచ్చింది. అప్పుడు ఎన్‌సీఏఏకు మహిళల మీద ప్రేమ పుట్టింది. 1981 జనవరిలో పెద్ద కాలేజీల మహిళలకు కూడా చాంపియన్‌షిప్‌లు నడపాలని తీర్మానించుకుంది. పోటీకి వచ్చే జట్ల ప్రయాణ ఖర్చులు తనే భరిస్తానంది, మహిళల జట్ల కోసం అదనపు సభ్యత్వ రుసుము అక్కర్లేదంది. పురుషుల ఆట తెచ్చే డబ్బు దన్నుంది కాబట్టి అది చేయగలిగింది. మహిళల సంఘానికి ఆ దన్ను లేదు. 1982లో ఒకే ఏడాది రెండు సంఘాలూ విడివిడిగా మహిళల ఫైనల్స్ నిర్వహించాయి. ఎన్‌సీఏఏ ఫైనల్లో లూసియానా టెక్ గెలిచింది, ఏఐఏడబ్ల్యూ ఆఖరి ఫైనల్లో రట్గర్స్ గెలిచింది. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ఏఐఏడబ్ల్యూ కేసు వేసి ఓడిపోయింది. సంఘం మూతపడింది.

దానివల్ల జరిగిన నష్టం పాయింట్ల పట్టికలోనే కాదు. 1972లో మహిళల జట్లకు కోచ్‌లుగా ఉన్నవారిలో నూటికి 90 మందికి పైగా మహిళలే. నేడు సగం కూడా లేరు. డబ్బు వచ్చింది, జీతాలు పెరిగాయి, ఆ కుర్చీల్లోకి మగవాళ్లు వచ్చారు. మరియన్ వాషింగ్టన్ లాంటి నల్లజాతి మహిళ 1970లలో ఒక విభాగానికే అధిపతి కాగలిగింది అప్పటికింకా ఆ కుర్చీలను ఎవరూ విలువైనవిగా చూడకపోవడం వల్ల కూడా.

ఇక రికార్డుల సంగతి. వుడార్డ్ ఆట ముగించింది 1981 వసంతంలో. ఎన్‌సీఏఏ మహిళల లెక్క మొదలుపెట్టింది 1981–82 సీజన్‌తో. కొన్ని నెలల తేడా. ముందు ఆడినవి వేరే సంఘం కింద ఆడినవి కాబట్టి మా పుస్తకంలో రాయం అన్నది ఎన్‌సీఏఏ వాదన. సాంకేతికంగా వింటే సబబుగానే అనిపిస్తుంది. ఆడిన విశ్వవిద్యాలయాలు అవే, మైదానాలు అవే, చాలా జట్లకు కోచ్‌లు కూడా వాళ్లే. మారింది కార్యాలయం బోర్డు.

అయినా సరే, నియమం అంటే నియమం అనుకుందాం. అప్పుడు అందరికీ ఒకేలా వర్తించాలి కదా? 2024 జనవరి 21న స్టాన్‌ఫోర్డ్ కోచ్ తారా వాన్‌డెర్‌వీర్ 1,203వ విజయం సాధించి, పురుషుల, మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో అత్యధిక విజయాల రికార్డు అందుకున్నారు. ఎన్‌సీఏఏ దాన్ని పండుగలా జరిపింది. ఆమె దానికి అర్హురాలే. కానీ ఆ 1,203లో ఆమె 1978 నుంచి 1980 దాకా ఐడహోలో కోచ్‌గా గెలిచినవి కూడా కలిసి ఉన్నాయి. అవి ఏఐఏడబ్ల్యూ ఏళ్లు. టెనెసీ కోచ్ ప్యాట్ సమ్మిట్ 1,098 విజయాల్లోనూ 1974 నుంచి 1982 దాకా గెలిచినవి ఉన్నాయి. అంటే 1979లో ఒక ఆట జరిగితే, గెలిచిన కోచ్‌కు ఆ గెలుపు ఎన్‌సీఏఏ పుస్తకంలో రాశారు. అదే ఏడాది ఆటలో బుట్టలో వేసిన పాయింట్లు మాత్రం ఆ క్రీడాకారిణి పేరు కింద రాయలేదు. ఈ ఒక్క విషయం తెలిశాక, వేరే సంఘం అన్న వాదన మాకు నిలబడేలా కనిపించలేదు.

మారవిచ్ సంగతి కూడా చూడండి. ఆయన 1967 నుంచి 1970 దాకా లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడారు. ఆయన గురించి రాసే ప్రతివారూ మూడు మాటలు తప్పకుండా చేరుస్తారు: అప్పటి నియమాల వల్ల మూడేళ్లే ఆడాడు, 83 ఆటలే ఆడాడు, మూడు పాయింట్ల గీత లేదు. అన్నీ నిజమే, గొప్ప ఆటగాడే. ఇంకొక మాట కూడా నిజం. ఆ విశ్వవిద్యాలయ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు కొల్లిస్ టెంపుల్ చేరింది 1971లో, మారవిచ్ వెళ్లిపోయాక. నల్లవాళ్లకు చోటులేని జట్టులో వచ్చిన రికార్డు దశాబ్దాల పాటు పుస్తకంలో మొదటి వరుసలో భద్రంగా ఉంది. నల్లజాతి మహిళ నడిపిన జట్టులో నల్లజాతి మహిళ సాధించిన రికార్డుకు పుస్తకమే లేదు.

ఎంత బంతి, ఎక్కడి గీత

పాత రికార్డును కొత్తదానితో పోల్చేటప్పుడు విద్యార్థులు చూడాల్సిన వివరాలు కొన్ని ఉన్నాయి. వుడార్డ్, క్లార్క్ ఇద్దరూ సరిగ్గా 139 ఆటలే ఆడారు. ఈ పోలిక ఇంత శుభ్రంగా కుదరడం అరుదు. క్లార్క్ మొత్తం 3,951 పాయింట్లతో 2024లో ముగించారు. అందులో 548 సార్లు మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేశారు. మహిళల కాలేజీ ఆటలో ఆ గీత వచ్చింది 1987–88లో. వుడార్డ్ కాలంలో ఎంత దూరం నుంచి వేసినా రెండే. బంతి కూడా వేరు. మహిళలకు కాస్త చిన్నది, తేలికది అయిన బంతి 1984–85లో వచ్చింది. వుడార్డ్ నాలుగేళ్లూ మగవాళ్ల బంతితోనే ఆడారు.

క్లార్క్ మూడు పాయింట్ల బుట్టలన్నిటినీ రెండుగా లెక్కిస్తే 3,403 అవుతాయి, కాబట్టి వుడార్డే గొప్ప అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. మేము ఆ పని చేయం. గీత లేకపోతే అంత దూరం నుంచి ఎవరూ వేయరు, దగ్గరికి వెళ్లి వేస్తారు. ఆట మారితే ఆడే తీరూ మారుతుంది. క్లార్క్ తన కాలపు నియమాల్లో అద్భుతంగా ఆడారు, ఆమె ఎవరి రికార్డునూ దొంగిలించలేదు. నిజానికి ఫిబ్రవరి 28 ఆట దగ్గర పడుతున్నప్పుడు వుడార్డ్ పేరును గట్టిగా ఎత్తినవారిలో క్లార్క్ కోచ్ లిసా బ్లూడర్ కూడా ఉన్నారు. ఎన్‌సీఏఏ గుర్తించనంత మాత్రాన 1982కు ముందు మహిళల బాస్కెట్‌బాల్ లేకుండా పోదన్నది ఆమె మాటల సారాంశం. తెల్లజాతి క్రీడాకారిణికీ నల్లజాతి క్రీడాకారిణికీ మధ్య తగవుగా దీన్ని సోషల్ మీడియాలో చాలామంది మార్చారు. అలా మార్చితే పుస్తకం రాసిన సంఘం హాయిగా పక్కకు తప్పుకుంటుంది.

కాలేజీ తర్వాత వుడార్డ్ జీవితం మరో వ్యాసానికి సరిపోతుంది, ఇక్కడ త్వరగా చెబుతాం. 1980 ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యారు. అఫ్గానిస్తాన్ విషయంలో అమెరికా మాస్కో క్రీడలను బహిష్కరించడంతో ఆ అవకాశం పోయింది. 1981లో చదువు ముగిసేసరికి అమెరికాలో ఉన్న ఒక్క మహిళా ప్రొఫెషనల్ లీగ్ మూతపడింది, ఆడటానికి ఇటలీ వెళ్లాల్సి వచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు కెప్టెన్‌గా స్వర్ణం అందుకున్నారు. 1985లో హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్‌లో చేరిన మొదటి మహిళ అయ్యారు. చిన్నప్పుడు బంధువు దగ్గర నేర్చుకున్న విద్యలు అక్కడ పనికొచ్చాయి. తర్వాత ఇటలీ, జపాన్, ఆ తర్వాత న్యూయార్క్‌లో స్టాక్ బ్రోకరు ఉద్యోగం. 1997లో డబ్ల్యూఎన్‌బీఏ మొదలైనప్పుడు ఆమెకు 37 ఏళ్లు. ఆ వయసులో మళ్లీ బూట్లు కట్టుకుని క్లీవ్‌లాండ్ జట్టుకు, మరుసటి ఏడాది డెట్రాయిట్ జట్టుకు ఆడారు. 2004లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ హాల్ ఆమెను గుర్తించింది, రికార్డు పుస్తకం అప్పటికి గుర్తించలేదు.

2024 మార్చి 3న అయోవాలో ఒహాయో స్టేట్‌తో జరిగిన ఆటలో క్లార్క్ మారవిచ్ 3,667ను దాటారు. ఆ రోజు వుడార్డ్ ప్రేక్షకుల మధ్య ఉన్నారు. ఆమె పేరు చెప్పగానే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. నెల తర్వాత ఒక వేదిక మీద ఆమె, తన రికార్డు బద్దలైందని అనుకోవడం లేదని, మగవాళ్ల బంతితో, మూడు పాయింట్లు లేకుండా సాధిస్తే అప్పుడు చూద్దామనే అర్థంలో మాట్లాడారు. గొడవైంది. వెంటనే వివరణ ఇచ్చారు: రికార్డు క్లార్క్‌దే, ఆట ఎంత మారిందో చెప్పడమే తన ఉద్దేశమని. ఆ వివరణనే చాలామంది వెనక్కి తగ్గడంగా రాశారు. మాకలా అనిపించలేదు. నలభై మూడేళ్లు ఆగిన మనిషికి ఒకసారి కటువుగా మాట్లాడే హక్కు ఉంటుంది.

చివరగా ఇంకొక పేరు. ఈ గొడవంతా పెద్ద విశ్వవిద్యాలయాల లెక్క గురించి. చిన్న కాలేజీలకు ఈ చర్చలో కూడా చోటు దొరకలేదు. సౌత్ కరోలినాలోని ఫ్లోరెన్స్‌లో ఫ్రాన్సిస్ మారియన్ అనే చిన్న కాలేజీ ఉంది. 1975 నుంచి 1979 దాకా పెర్ల్ మూర్ అనే నల్లజాతి క్రీడాకారిణి అక్కడ ఆడారు. మొదట్లో ఒక జూనియర్ కాలేజీకి ఆడిన కొన్ని ఆటలతో కలిపి ఆమె సాధించినవి 4,061 పాయింట్లు. మూడు పాయింట్ల గీత ఆమెకూ లేదు, చిన్న బంతి ఆమెకూ లేదు. నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను పిలిచింది 2021లో, ఆట ముగిసిన నలభై రెండేళ్లకు. క్లార్క్ 3,951 దగ్గర ఆగారు. మూర్ అంకె దానికి 110 పైన ఉంది.